ఒంటరిగా కారు ప్రయాణం, దారిలో రాత్రి బస: మీ ప్రశ్నలు, మా జవాబులు

రిటైరయ్యాక సొంత కారులో ఒక్కరే బయల్దేరి, దారిలో రాత్రుళ్లు ఎక్కడికక్కడ బస చేసుకుంటూ తిరిగి రావాలనుకునేవాళ్ల ఉత్తరాలు ఈసారి తిరుపతి, చిత్తూరు వైపు నుంచి చాలా వచ్చాయి. ఒకే మాట అడిగినవాటిని కలిపేశాం. ఉత్తరాల్లో టెంట్లు, స్టవ్‌లు, బ్యాటరీల గురించే ఎక్కువగా అడిగారు. కారు గురించి, రాత్రి ఆగే చోటు గురించి అడిగినవాళ్లు కొద్దిమందే. మేం మాత్రం ఆ రెండింటికే ఎక్కువ చోటిచ్చాం. సామాను ఒకటి తక్కువైతే ఊళ్లో కొనుక్కోవచ్చు. పాత టైరు పగిలితేనో, ఆగకూడని చోట ఆగితేనో సర్దుకునే వీలుండదు.

ప్రశ్న: నాకు 64 ఏళ్లు. కారు 2016 మోడల్, తిరిగింది 38 వేల కిలోమీటర్లే. చూడ్డానికి కొత్తదాని మాదిరే ఉంది. ఒకసారి సర్వీసింగ్ చేయించి బయల్దేరితే చాలు కదా?
– గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: చాలదండీ. తక్కువ తిరిగిన కారులో అరగాల్సినవి అరగవు గానీ, ముదరాల్సినవి ముదిరే ఉంటాయి. ముందు టైర్లు చూడండి. టైరు పక్క గోడ మీద ‘డాట్’ అక్షరాల వరస చివర నాలుగు అంకెలుంటాయి. 2316 అని ఉంటే 2016లో 23వ వారంలో తయారైందని. మీ కారుకు మొదట వచ్చిన టైర్లే ఇంకా ఉంటే, గాడి ఎంత లోతున్నా సరే, మార్చేయండి. చట్టం ప్రకారం గాడి 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, మీకు 5 ఉండొచ్చు. కానీ అయిదారేళ్లు దాటితే రబ్బరు గట్టిపడుతుంది. గాడుల అడుగున, పక్క గోడల మీద సన్నటి పగుళ్లు కనిపిస్తాయి. నిండా సామానుతో, గాలి తక్కువగా, ఎండలో సిమెంటు రోడ్డు మీద గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఆ గోడ మళ్లీ మళ్లీ వంగి వేడెక్కుతుంది. టైరు పగిలేది అక్కడే. స్టెప్నీని మర్చిపోవద్దు, దాని వయసూ అంతే.

గాలి పొద్దున్నే, బండి రెండు మూడు కిలోమీటర్లు తిరగకముందే చూసుకోవాలి. డ్రైవరు డోరు పక్క స్తంభం మీద స్టిక్కరులో తక్కువ బరువుకొకటి, పూర్తి బరువుకొకటి అంకెలుంటాయి. పడక, నీళ్లు, వంట సామాను వేసుకున్నారంటే మీది పూర్తి బరువు కిందే లెక్క. మధ్యాహ్నం బంకులో చూపిస్తే వేడికి మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. అక్కడి పిల్లాడు దాన్ని తీసేయబోతాడు, తీయనివ్వద్దు. చల్లారాక గాలి తక్కువైపోతుంది.

రెండోది బ్రేక్ ఆయిల్. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ‘డాట్ 4’ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక 155 డిగ్రీల దగ్గరే మరగొచ్చు. హార్స్‌లీ హిల్స్ నుంచి బ్రేకు మీదే కాలు పెట్టి దిగారంటే ఆయిల్లో ఆవిరి బుడగలు లేస్తాయి, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. రెండేళ్లకోసారి మార్చాల్సిన ఆయిల్ ఇది. మామూలు సర్వీసింగులో మార్చకపోవచ్చు, మీరే అడిగి జాబ్‌కార్డులో రాయించుకోండి. ఘాట్‌లో ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లోనో, ‘ఎల్’లోనో పెట్టుకోవాలి.

రేడియేటర్ గొట్టాలను ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు నొక్కి చూడండి. కరకరలాడినా, మరీ మెత్తగా ఉబ్బినా మార్చాలి. ఫ్యాన్ బెల్టు, కూలెంటు, వైపర్ బ్లేడ్లు, నాలుగేళ్లు దాటిన బ్యాటరీ కూడా ఆ పట్టీలోకే వస్తాయి. అన్నీ అయ్యాక నేరుగా దూరం పోవద్దు. చిత్తూరు నుంచి శ్రీకాళహస్తి దాకా వెళ్లి రండి. ఇంటికొచ్చాక వీల్ నట్లు మళ్లీ బిగించి, మరునాడు పొద్దున కూలెంటు మట్టం చూడండి. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. ఆ సంగతి ఊళ్లో ఉండగానే తెలియాలి.

ప్రశ్న: కారు టాపు మీద బిగించే టెంటు కొందామనుకుంటున్నా. నిచ్చెనెక్కి పైన పడుకుంటే పాము, పురుగు భయం ఉండదంటున్నారు. వయసు 66.
– బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: వద్దంటాం. టెంటు బరువే 50 నుంచి 70 కిలోలు ఉంటుంది. నడిచే బండి టాపు మీద చాలా కార్లు మోయగలిగింది 50 నుంచి 75 కిలోలు, అందులో టెంటు బిగించే అడ్డకడ్డీల బరువూ కలిసే ఉంటుంది. మీ కారు అంకె ఓనర్స్ మాన్యువల్‌లో చూసుకోండి. అంత బరువు పైనుంటే ఘాట్ మలుపుల్లో బండి ఒరుగుతుంది, మైలేజీ పడిపోతుంది. ఇవన్నీ ఒకెత్తు, అసలు కారణం ఒకెత్తు. ఈ వయసులో రాత్రికి రెండుసార్లయినా లేవాలి. నిద్రమత్తులో, మంచుకు తడిసిన నిచ్చెన మీద వెనక్కి తిరిగి దిగాలి. పాముకంటే ఆ నిచ్చెనకే ఎక్కువ భయపడాలి.

కారు లోపల పడుకోవడం మేలు. ఏదైనా కొనేముందు వెనక సీట్లు మడిచి, చాప వేసుకుని, ఇంటి ముందే అరగంట పడుకుని చూడండి. కాళ్లు చాపడానికి మీ ఎత్తుకంటే నాలుగంగుళాలు ఎక్కువ కావాలి. ఎడమవైపు ముందు సీటు పూర్తిగా ముందుకు జరిపితే చాలా కార్లలో ఆరడుగులు దొరుకుతుంది. సీటుకూ డిక్కీకీ మధ్య ఎత్తుపల్లాలకు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక, రెండడుగుల వెడల్పున, కింద రెండు అడ్డపెట్టెల మీద కూర్చోబెట్టించండి. పైన మూడంగుళాల ఫోమ్, 40 డెన్సిటీది. మెత్తటిదైతే రెండో రాత్రికే నడుము పట్టేస్తుంది. పలకను డిక్కీలోని కొక్కేలకు బెల్టుతో కట్టాలి. కట్టని పలక గట్టిగా బ్రేకు వేసిన రోజు మీ మెడ మీదికి వస్తుంది.

సీట్లు మాత్రం పీకించొద్దు. ఆర్‌సీలో రాసిన సీట్ల సంఖ్య మారితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది. క్లెయిము వచ్చిన రోజు బీమా కంపెనీతో పేచీ.

ఎదురెదురు అద్దాలు రెండు వేళ్లంత దించి, దోమతెర గుడ్డను అయస్కాంతాలతో డోరు చట్రానికి అంటించండి. పొద్దున అద్దాల లోపలి వైపు నీళ్లు కారుతుంటే గాలి సరిపోలేదని అర్థం, మరో వేలు దించండి. ఉక్కపోతగా ఉందని ఇంజన్ ఆన్ చేసి, అద్దాలెత్తి, ఏసీలో పడుకోవడం మాత్రం ఎన్నడూ చేయొద్దు. సైలెన్సరు గొట్టంలో చిన్న చిల్లున్నా, వెనక గోడో గట్టో ఉన్నా కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాడికి తెలిసే దారే లేదు.

ప్రశ్న: రాత్రికి ఎక్కడ ఆగాలి? తలకోన అడవిలో, పలమనేరు దగ్గర చెరువుగట్టున, ఏటి ఇసకలో... మంచి చోట్లు చాలానే ఉన్నాయి కదా. ఎవరినీ అడక్కుండా ఆపుకోవచ్చా?
– పీలేరు నుంచి రిటైరైన ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, మీరు చెప్పిన మూడూ పగటిపూట కూర్చోడానికి మంచి చోట్లే. రాత్రికి మూడూ పనికిరావు, ఒక్కోదానికి ఒక్కో కారణం.

శేషాచలం చుట్టూ ఉన్నది రిజర్వు అడవి. అందులో శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానం ఉంది. అనుమతి లేకుండా రాత్రి అక్కడ ఉంటే నేరం. అడవి హద్దులో రోడ్డు పక్కన ఆపినా చిక్కే. ఎర్రచందనం దొంగల కోసం రాత్రంతా గస్తీ తిరిగే దారులవి. చీకట్లో డిక్కీ నిండా సామానుతో, లైట్లార్పి నిలబడ్డ కారు కనిపిస్తే వాళ్లకు ఏం తోస్తుందో మీరే ఊహించుకోండి. తలకోనలో ఉండాలంటే అటవీశాఖ అతిథిగృహాల్లో ముందే గది తీసుకుని, బండి ఆ ఆవరణలోనే పెట్టుకోండి.

పలమనేరు, కుప్పం, బంగారుపాళెం వైపు కౌండిన్య అభయారణ్యం ఏనుగులు రాత్రిళ్లు పొలాల మీదికి, చెరువుల్లోకి వస్తాయి. చెరువుగట్టు వాటి దారి. కారులో మామిడిపళ్లు, అరటిపళ్లు, బెల్లం ఉంటే వాసనకు దగ్గరికి వస్తాయి. ఆ వైపు పోతే పొద్దుండగానే ఊళ్లోకి చేరండి.

ఏటి ఇసక మరీ ప్రమాదం. స్వర్ణముఖి, చెయ్యేరు ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండి ఉంటాయి. ఇసక చదునుగా, శుభ్రంగా ఉంటుంది. వాన మాత్రం ఎగువన ఎక్కడో పడుతుంది. 2021 నవంబరు 19న రాజంపేట దగ్గర అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి చెయ్యేరు ఊళ్లనే ముంచేసింది. ఆకాశం నిర్మలంగా ఉన్నా ఏట్లో పడక వేయొద్దు.

ఇక ఆగదగ్గ చోట్లు. హైవే మీద 24 గంటలూ తెరిచి ఉండే పెట్రోలు బంకు ఒంటరి మనిషికి అన్నిటికంటే అనువు. సాయంత్రం అయిదు లోపు చేరండి. ముందు ట్యాంకు నింపించి, తర్వాత మేనేజరును అడగండి. ఆఫీసు గదికి దగ్గరగా, లారీలు తిరిగే దారికి ఎడంగా చోటు చూసుకోండి. ట్యాంకరు వచ్చి ఇంధనం దించే మూతలు నేల మీద కనిపిస్తాయి, వాటి దగ్గర ఆపొద్దు. స్టవ్ సంగతి అక్కడ తలపెట్టనే వద్దు. కారు ముఖం రోడ్డు వైపు ఉండాలి, రాత్రి బయటపడాల్సి వస్తే వెనక్కి తీసుకునే పని ఉండదు.

గుడి ఊళ్లు ఇంకా సుఖం. కాణిపాకం, శ్రీకాళహస్తి, ఒంటిమిట్ట, మహానంది లాంటి చోట్ల సత్రమో, దేవస్థానం గదో దొరుకుతుంది. మూడు రాత్రులు కారులో పడుకుంటే నాలుగో రాత్రి గదిలో పడుకోండి. వేణ్ణీళ్ల స్నానం, బట్టలు ఉతకడం, ఫోన్ల ఛార్జింగ్ ఒక్కసారే అయిపోతాయి. హార్స్‌లీ హిల్స్, గండికోటల్లో పర్యాటకశాఖ హరిత హోటళ్లున్నాయి.

హైవే అంచు తెల్లగీత అవతల ఆపి పడుకోవడం గురించి నలుగురు అడిగారు. అందరికీ ఒకటే మాట, వద్దు. తెల్లవారుజామున నిద్రమత్తులో ఉన్న లారీ డ్రైవరు మీ వెనక ఎర్రలైటును ముందు పోతున్న బండిదనుకుని దాని వెంటే వచ్చేస్తాడు.

ఎప్పుడైనా నేల మీద పడుకోవాల్సి వస్తే మడత మంచం వేసుకుని, దోమతెర అంచులు పరుపు కిందికి దోపాలి. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు. పొద్దునకు కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం మొదలవుతాయి. అనుమానం వచ్చినా చాలు, కట్టు బిగించకుండా, కోయకుండా, కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. చెప్పులు రాత్రి కారు లోపలే ఉండాలి. బయట వదిలితే తేళ్లు దూరతాయి.

ప్రశ్న: షుగర్ ఉంది, రెండు పూటలా ఇన్సులిన్. పది పన్నెండు రోజుల ప్రయాణానికి కారు ఫ్రిజ్ కొనాలా?
– మదనపల్లె

జవాబు: అక్కర్లేదు. వాడుతున్న ఇన్సులిన్ పెన్ను సాధారణంగా 30 డిగ్రీల లోపు నాలుగు వారాల దాకా ఫ్రిజ్ లేకుండానే ఉంటుంది, కచ్చితమైన గడువు పెట్టె మీద చూసుకోండి. చిక్కల్లా ఆ 30 డిగ్రీలే. ఎండలో మూసి ఉన్న కారులో వేడి 60 డిగ్రీలు దాటుతుంది. అందుకని గ్లవ్ బాక్సులో, డ్యాష్‌బోర్డు మీద పెట్టొద్దు. నీళ్లలో తడిపి వాడే చల్లసంచిలో వేసి, కారు దిగినప్పుడల్లా వెంట తీసుకెళ్లండి. ఐసుకు ఆనించి పెడితే గడ్డకడుతుంది. ఒకసారి గడ్డకట్టిన మందు కరిగినా పనిచేయదు, పారేయాలి. అదనపు పెన్నులు మోసే బదులు డాక్టరు చీటీ దగ్గర పెట్టుకుని కడపలోనో అనంతపురంలోనో కొనుక్కోండి.

స్టీరింగ్ పట్టే ముందు షుగర్ చూసుకోండి. 90 లోపుంటే ఏదైనా తిన్నాకే బయల్దేరాలి. ఆపైన రెండు గంటలకోసారి చూడాలి. చెమట, వణుకు, చూపు మసక అనిపించగానే బండి పక్కకు తీసి, తాళం తిప్పేసి, మూడు చెంచాల గ్లూకోజు వేసుకోండి. పావుగంట తర్వాత మళ్లీ చూడండి. అంకె మామూలుకొచ్చినా ఇంకో ముప్పావు గంట ఆగాకే నడపాలి, తల తేరుకోవడానికి అంత పడుతుంది. జలుబు మాత్రల్లో చాలావాటికి నిద్ర వస్తుంది, అవి వేసుకున్న రోజు నడపొద్దు.

ప్రశ్న: గురకకు రాత్రి సీప్యాప్ మెషీన్ (మాస్కు గుండా గాలి ఊదేది) పెట్టుకుని పడుకుంటాను. కారులో కరెంటు ఎలా? టాపు మీద సోలార్ ప్యానెల్ వేయించమంటున్నారు.
– రేణిగుంట

జవాబు: లెక్క వేసి చూద్దాం. గాలికి తేమ పట్టించే, వేడిచేసే ఏర్పాట్లు ఆపేస్తే మెషీన్ సుమారు 35 వాట్లు తీసుకుంటుంది. ఎనిమిది గంటలకు 280. చిన్న ఫ్యాను 10 వాట్లది, 80. ఫోనుకు 20. మొత్తం 380 వాట్-అవర్లు. 500 వాట్-అవర్ల లిథియం పవర్ స్టేషన్‌లో (వెంట తీసుకెళ్లే బ్యాటరీ పెట్టె) చేతికొచ్చేది 425 దాకా. ఒక రాత్రికి సరిపోయింది. కారులో 12 వోల్టుల సాకెట్ నుంచి గంటకు 100 వాట్-అవర్లు ఎక్కించొచ్చు, అయిదు గంటలు నడిపితే మళ్లీ నిండుతుంది. తేమ ఆన్ చేస్తే మాత్రం ఖర్చు దాదాపు రెట్టింపు, రాత్రి రెండింటికి మెషీన్ ఆగిపోతుంది.

మెషీన్‌ను 230 వోల్టుల ప్లగ్గులో కాకుండా దాని కంపెనీ డీసీ అడాప్టరుతో నడపండి, నూటికి పది పదిహేను వంతులు కలిసొస్తుంది. చాలా మెషీన్లు 24 వోల్టులవి కాబట్టి ఏదో ఒక వైరు కలపొద్దు. కారు బ్యాటరీ నుంచి నేరుగా లాగొద్దు. సగానికి మించి దిగితే పొద్దున స్టార్టు కాదు, అలా రెండు మూడుసార్లయితే బ్యాటరీ పోతుంది. సోలార్ మీకు దండగ. కారుకేమో నీడ కావాలి, ప్యానెల్‌కేమో ఎండ కావాలి.

ప్రశ్న: వంటకు ఎన్ని గ్యాస్ డబ్బాలు పట్టుకెళ్లాలి?
– పుత్తూరు

జవాబు: పొడుగు డబ్బా బిగించే స్టవ్ పూర్తి మంటలో గంటకు 160 గ్రాముల దాకా కాలుస్తుంది. 225 గ్రాముల డబ్బా గంటా ఇరవై నిమిషాలు వస్తుంది. రెండుసార్లు కాఫీ, ఒకసారి అన్నం, చారు అంటే రోజుకు 35 నుంచి 40 నిమిషాలు. రెండు రోజులకొక డబ్బా. బియ్యం అరగంట ముందే నానబెడితే మంట ఖర్చు తగ్గుతుంది. పెద్ద గిన్నె పెడితే దాని అంచు డబ్బా మీదికి వచ్చి వేడెక్కిస్తుంది, చిన్న గిన్నే వాడండి. గాలికి అడ్డం పెట్టాలని స్టవ్ చుట్టూ రేకు కట్టొద్దు, అదే ప్రమాదం. కారులో, మూసిన టెంటులో వెలిగించొద్దు. ఎండలో ఆపిన కారులో డబ్బాలు వదలొద్దు, 50 డిగ్రీలు దాటకూడదని వాటి మీదే రాసి ఉంటుంది.

నిజానికి రోజూ వండుకోవాల్సిన పనేమీ లేదు. బొరుగులు తడిపి ఉగ్గాని కలుపుకోవచ్చు. జొన్నరొట్టెలు, చెనిక్కాయ పొడి, ఊరగాయ ఉంటే రెండు పూటలు గడుస్తాయి. నీళ్లు మాత్రం తాగడానికి 5 లీటర్లు, వాడకానికి ఇంకో 5, రోజుకు 10 లెక్కన.

ప్రశ్న: మా నాన్నకు 67. ఒక్కరే పోతానంటున్నారు. వద్దంటే వినరు. మేం ఏం చేయాలి?
– తిరుచానూరు

జవాబు: వద్దనకండమ్మా, షరతులు పెట్టండి. బయల్దేరేముందు కంటి పరీక్ష. శుక్లాలు మొదలైతే ఎదురుగా వచ్చే హెడ్‌లైటుకు చూపు చెదురుతుంది, ఆయన పగలే నడపాలి. రోజుకు 250 కిలోమీటర్లకు మించొద్దు, రెండు గంటలకోసారి దిగి పది నిమిషాలు నడవాలి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా నిద్ర ముంచుకొస్తుంది కాబట్టి రెండింటికల్లా ఆ రోజు బండి నడపడం ముగించమనండి.

పొద్దున బయల్దేరేటప్పుడు ఒకటి, సాయంత్రం ఆగాక ఒకటి, రెండే ఫోన్లు. ఎనిమిదింటిదాకా ఫోన్ రాకపోతే మీరు ఎవరికి చేయాలో ముందే కాగితం మీద రాసుకోండి: ఆ రోజు బస చేయాల్సిన చోటు నంబరు, తర్వాత అత్యవసర నంబరు 112. జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే ఆయన చేయాల్సింది 1033కి. రక్తం గ్రూపు, వాడే మందులు, మీ నంబరు రాసిన కార్డు డ్రైవరు వైపు ఎండతెర వెనక పెట్టండి. మందులు రెండు వాటాలు చేసి ఒకటి చేతిసంచిలో, ఒకటి కారులో ఉంచమనండి.

ప్రశ్న: మొదటిసారి ఏ నెలలో, ఏ దారిలో పోవాలి?
– తిరుపతి, చిత్తూరు నుంచి చాలామంది

జవాబు: మనకు అక్టోబరు నుంచి డిసెంబరు సగం దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, తుపానులు. ఏప్రిల్, మేల్లో కారులో పడుకోవడం కాని పని. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది.

దారి: తిరుపతి, రైల్వేకోడూరు, రాజంపేట, ఒంటిమిట్ట, కడప, జమ్మలమడుగు, గండికోట. ఒక్కరోజులో చేరొచ్చు గానీ ఒంటిమిట్టలోనో కడపలోనో ఒక రాత్రి ఆగండి. గండికోటలో రెండు రాత్రులు. అక్కడ నేలంతా రాయి, టెంటు మేకులు దిగవు, తాళ్లు బండరాళ్లకు కట్టాలి. పెన్నా లోయ అంచున చాలాచోట్ల కంచె లేదు, చీకటి పడ్డాక ఆ వైపు అడుగేయొద్దు. అక్కణ్నుంచి బెలుం గుహలు చూసి, తాడిపత్రి, కదిరి మీదుగా హార్స్‌లీ హిల్స్. ఎత్తు 1,265 మీటర్లు, జనవరిలో రాత్రి రగ్గు కావాలి. తర్వాత మదనపల్లె, పీలేరు మీదుగా ఇల్లు. దారి పొడుగునా గంటలో చేరేంత దూరంలో ఏదో ఒక పెద్ద ఊరు, ఆస్పత్రి, మెకానిక్ ఉంటారు. నల్లమలలోకి పోవాలని మనసైతే ఆ దారి రెండో ప్రయాణానికి పెట్టుకోండి. దోర్నాల–శ్రీశైలం అడవి రోడ్డులో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లను వదలరు.

ప్రశ్న: నవంబరులో దారిలో ఉంటే లైఫ్ సర్టిఫికెట్ ఎలా? లైసెన్సు, టోల్ గురించి కూడా చెప్పండి.
– రైల్వేలో రిటైరైన పాఠకుడు, రేణిగుంట

జవాబు: బ్యాంకుకు రానక్కర్లేదు. ఫోనులో ‘జీవన్ ప్రమాణ్’ యాప్, ‘ఆధార్ ఫేస్ ఆర్‌డీ’ యాప్ రెండూ వేసుకుంటే ముఖం చూపించి ఎక్కడినుంచైనా పంపొచ్చు. ఇంట్లో ఉండగానే ఒకసారి ప్రయత్నించి పెట్టుకోండి, ఆధార్‌కు కలిపిన సిమ్ వెంట ఉండాలి. 55 దాటినవారికి లైసెన్సు అయిదేళ్లకోసారి రెన్యువల్, డాక్టరు ఇచ్చే 1ఏ ఫారం కావాలి. గడువుకు ఏడాది ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు. ఫాస్టాగ్ వార్షిక పాస్ 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలతో మొదలైంది. ఏడాది గానీ, 200 దాటింపులు గానీ, ఏది ముందైతే అది. జాతీయ రహదారుల టోళ్లకే చెల్లుతుంది, రాష్ట్ర రహదారుల మీద మామూలుగా డబ్బు కోస్తారు, కాబట్టి ట్యాగులో కొంత నిల్వ ఉంచండి.